రెక్క కొస ఎందుకు మడవాలి? బోయింగ్ 777ఎక్స్ కీలు వెనకున్న లెక్క

777ఎక్స్ శ్రేణిలోని బోయింగ్ 777-9 పరీక్షల వీడియోలు చూసినవాళ్ళకు ఒక దృశ్యం గుర్తుండిపోతుంది. విమానం దిగి, రన్‌వే మీద వేగం తగ్గాక, రెండు రెక్కల కొసలూ మెల్లగా పైకి లేస్తాయి. ఇరవై సెకన్లు గడిచేసరికి ఒక్కో వైపు సుమారు మూడున్నర మీటర్ల ముక్క నిటారుగా నిలబడి ఉంటుంది. అది చూడగానే ఎవరికైనా మనసులో ఒకటే టెన్షన్: ఇదే గాల్లో మడుచుకుంటే?

ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. దాని సంగతి కింద వివరంగా చూద్దాం. అయితే విమానాశ్రయాలు, ఎయిర్‌లైన్లు ఎక్కువగా తర్జనభర్జన పడేది ఇంకో ప్రశ్న మీద. వందల మందిని మోసే విమానానికి మడిచే రెక్క పెడితే గిట్టుబాటు అవుతుందా? నేను చూసినంతలో ఈ చర్చ అంతా చివరికి ఒక్క కొలత దగ్గరికే వచ్చి ఆగుతుంది. కొస నుంచి ఎంత లోపల కీలు పెట్టారు అన్నదే ఆ కొలత.

65 మీటర్ల గీత

రెండు చేతులూ బారజాపితే ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉండే దూరాన్ని బార అంటాం. విమానం రెక్కలకూ ఇక్కడ అదే మాట వాడుకుందాం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, ఈ బారను బట్టి విమానాలను ‘ఎ’ నుంచి ‘ఎఫ్’ దాకా ఆరు తరగతులుగా విడదీసింది. 24 నుంచి 36 మీటర్ల లోపు ఉంటే ‘సి’. ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737 లాంటివి ఇందులోకి వస్తాయి. 52 నుంచి 65 లోపు ‘ఇ’, 65 నుంచి 80 లోపు ‘ఎఫ్’.

విమానాశ్రయం కట్టేటప్పుడు ఏ తరగతి కోసం కడుతున్నారో ముందే తేల్చుకోవాలి. టాక్సీవేల (రన్‌వేకూ గేట్లకూ మధ్య విమానాలు నడిచే దారుల) మధ్య దూరం, గేట్ల మధ్య ఖాళీ అన్నీ దాన్నిబట్టే ఉంటాయి. 2018 సవరణ తర్వాత పక్కపక్కన ఉన్న రెండు టాక్సీవేల మధ్యగీతలకు ‘ఇ’ తరగతి అయితే 76 మీటర్లు, ‘ఎఫ్’ అయితే 91 మీటర్ల దూరం ఉండాలి. ఒకసారి కాంక్రీటు పోశాక ఈ దూరాలు మార్చడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పెద్ద విమానాల బారలు చూడండి. 777-300ఇఆర్‌ది 64.8 మీటర్లు. ఎ350ది 64.75. ఎ330నియోది 64. మూడూ 65 మీటర్ల గీతకు ముక్కు ఆనించి ఆగిపోయాయి. 777-9 బార గాల్లో 71.75 మీటర్లు, అంటే ‘ఎఫ్’ తరగతి. కొసలు మడిస్తే 64.85 మీటర్లు. గీతకు సరిగ్గా పదిహేను సెంటీమీటర్లు ఇవతల.

గేట్ల దగ్గర ఇది ఏం తేడా తెస్తుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. 885 మీటర్ల పొడవున వరసగా విమానాలు నిలపాలి అనుకోండి. ఈ తరగతులకు విమానానికీ విమానానికీ మధ్య 7.5 మీటర్ల ఖాళీ వదలాలి, రెండు చివర్లా అంతే. 65 మీటర్ల విమానాలైతే 12 పడతాయి. 71.75 మీటర్లవి 11. ‘ఎఫ్’ తరగతికి పూర్తిగా 80 మీటర్ల లెక్కన గీతలు గీస్తే 10 మాత్రమే. పన్నెండులో రెండు గేట్లు పోవడం రద్దీ విమానాశ్రయానికి చిన్న విషయం కాదు.

పొడవు రెక్క కోసం ఎందుకంత ఆరాటం

ఇంత ఇబ్బంది ఉంటే రెక్క పొట్టిగానే ఉంచొచ్చు కదా? ఉంచొచ్చు, కానీ ఎగిరినంతసేపూ ఇంధనం రూపంలో ఆ ఖరీదు కట్టాలి.

ఎగిరేటప్పుడు రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. రెక్క మధ్యలో కింది గాలికి పైకి పోయే దారి లేదు. కొస దగ్గర ఆ దారి దొరుకుతుంది. కింది గాలి కొస చుట్టూ తిరిగి పైకి ఎగబాకుతుంది, విమానం వెనక పెద్ద సుడిగా సాగుతుంది. ఆ సుడిని తిప్పే శక్తి ఎక్కడిది? ఇంజిన్లు కాల్చే ఇంధనానిదే. ఇలా పుట్టే నిరోధాన్ని ప్రేరిత డ్రాగ్ అంటారు.

బరువు, వేగం, ఎత్తు అలాగే ఉంచి బార మాత్రమే పెంచితే, ఈ డ్రాగ్ బార వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 64.8 మీటర్లను 71.75కి పెంచారు, అంటే 1.107 రెట్లు. దాని వర్గం 1.226. 100 ఉన్న ప్రేరిత డ్రాగ్ 82 దగ్గరికి దిగుతుంది. ఎత్తున నిలకడగా పోయేటప్పుడు మొత్తం డ్రాగ్‌లో దీని వాటా 40 శాతం అనుకుంటే, మొత్తంలో ఏడు శాతం తగ్గినట్టు. ఇది కాగితం మీది లెక్క. పొడవు రెక్క బరువు పెరుగుతుంది, గాలి రాసుకునే ఉపరితలమూ పెరుగుతుంది, కాబట్టి ఇందులో కొంత తిరిగి పోతుంది. అయినా మిగిలేది తక్కువేం కాదు. 13 గంటల ప్రయాణంలో 777-300ఇఆర్ లాంటి విమానం వంద టన్నుల వరకూ ఇంధనం కాలుస్తుంది. అక్కడ ఒక్క శాతం అంటే ఒక టన్ను.

కొసను శాశ్వతంగా పైకి వంచే వింగ్‌లెట్లు ఈ సమస్యకు మధ్యేమార్గం. బార పెరగకుండానే సుడిని కొంత బలహీనపరుస్తాయి. అయితే అదే పొడవును అడ్డంగా పరిస్తే వచ్చే లాభం ఇంకా ఎక్కువ. చోటు ఉన్నప్పుడు అడ్డంగా, లేనప్పుడు నిలువుగా పెట్టుకోగలిగితే రెండూ దక్కుతాయి కదా అన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది.

నౌకాదళం ఎప్పుడో చేసిన పని

మడిచే రెక్క కొత్త ఊహ కాదు. విమాన వాహక నౌకల మీద చోటు చాలక 1940ల మొదటికే ఇది మామూలు అయిపోయింది. గ్రమ్మన్ సంస్థ వైల్డ్‌క్యాట్ యుద్ధ విమానం రెక్కను పక్షిలాగా వెనక్కి తిప్పి ఒంటికి ఆనించేలా చేసింది. ఆ కీలు ఏ కోణంలో ఉండాలో తేల్చుకోవడానికి సంస్థ స్థాపకుడు లీరాయ్ గ్రమ్మన్ ఒక రబ్బరు ముక్క తీసుకుని, వంచిన పేపర్ క్లిప్పులను దానికి రెండు వైపులా గుచ్చాడట. రబ్బరు ఒళ్ళు, క్లిప్పులు రెక్కలు. క్లిప్పు సరిగ్గా వెనక్కి తిరిగి రబ్బరు పక్కన ఒదిగే కోణం దొరికేదాకా గుచ్చుతూ పోయాడు. నాకు ఈ కథలో నచ్చేది, మడతలో అసలు సమస్య కోణానిదీ చోటుదీ అని ఆయన పట్టుకున్న తీరు.

కానీ యుద్ధ విమానం వేరు, ప్రయాణికుల విమానం వేరు. మడత లేకపోతే నౌక మీద ఆ యుద్ధ విమానానికి చోటే కష్టం. బరువు పెరిగినా, మరమ్మతులు ఎక్కువైనా నౌకాదళం భరిస్తుంది. ఎయిర్‌లైన్ భరించదు. దూర ప్రయాణాలు చేసే విమానం రోజుకు రెండుసార్లు ఎగిరితే ఏడాదికి ఏడు వందల పైచిలుకు, పాతికేళ్ళలో దాదాపు 18 వేల మడతలు. ప్రతిసారీ కొస నమ్మకంగా తెరుచుకోవాలి, నమ్మకంగా బిగుసుకోవాలి.

1990లలో ఎవరూ అడగని మడత

మొదటి 777ను 1990లో ప్రకటించినప్పుడు కూడా బోయింగ్ మడిచే రెక్కను ఐచ్ఛికంగా ఇవ్వజూపింది. బార 60.9 మీటర్లు. ఒక్కో వైపు ఆరున్నర మీటర్ల పైన మడిస్తే, అప్పటి డీసీ-10 లాంటి విమానాల గేట్లలో పట్టేది. ఒక్క ఎయిర్‌లైన్ కూడా తీసుకోలేదు. 1995లో 777 మడత లేకుండానే సేవలోకి వచ్చింది, బాగా అమ్ముడుపోయింది.

‘అప్పుడు కుదరనిది ఇప్పుడెలా కుదురుతుంది?’ అని అనుమానించేవాళ్ళు ఈ ఉదాహరణే చూపిస్తారు. నిజానికి రెండు మడతలూ ఒకటి కావు. ఆ తేడా తెలియాలంటే కీలు మీద పడే భారం చూడాలి.

భుజం, మోచెయ్యి, వేలి కణుపు

చెయ్యి అడ్డంగా చాచి అరచేతిలో బరువైన పుస్తకం పెట్టుకోండి. ముందు నొప్పి పుట్టేది భుజంలో. మోచేతి మీద అంత ఉండదు, మణికట్టు మీద ఇంకా తక్కువ. రెక్క కూడా అంతే. ఎత్తే శక్తి రెక్క అంతటా పడుతుంది, దాన్ని వంచే భారం మాత్రం లోపలికి వచ్చేకొద్దీ పోగవుతుంది. విమానం ఒంటికి అతుక్కున్న చోట అది గరిష్ఠం, కొస దగ్గర సున్నా.

ఈ భారం ఎంత వేగంగా తగ్గుతుందో పాఠ్యపుస్తకాల్లోని సులువైన నమూనాతో చూద్దాం. ఆ ఎత్తే శక్తి, అంటే లిఫ్టు, రెక్క పొడవునా దీర్ఘవృత్తం ఆకారంలో పంచుకుని ఉందనుకోండి. రెక్క మొదట్లో, అంటే విమానం ఒంటి దగ్గర, వంపు భారం 100 అయితే, రెక్కలో 78 శాతం దూరం పోయాక అది రెండున్నరకు పడిపోతుంది. 90 శాతం దగ్గర 0.35 మాత్రమే. 1990ల 777 కీలు దాదాపు 78 శాతం దగ్గర ఉండేది. 777-9 కీలు 90 శాతం దగ్గర ఉంది. అంటే మొత్తంతో పోలిస్తే పాత కీలు వాటా కొత్తదాని కంటే దాదాపు ఏడు రెట్లు. అసలు రెక్కలో అంకెలు కొంత మారతాయి, ధోరణి మాత్రం ఇదే.

భారం ఒక్కటే కాదు. అంత లోపల మడిస్తే రెక్కలో కదిలే భాగాలు కూడా మడతలోకి వస్తాయి. వాటిని నడిపే తీగలు, గొట్టాలు కీలును దాటి పోవాలి. 777-9 కొసలో ఇంధనం లేదు, కదిలే పలకలు లేవు. లైట్లు, వాటి తీగల వంటివే కీలు దాటాలి. మడతను నడిపే యంత్రాంగం లీబెర్ ఏరోస్పేస్ తయారీ. పాత ఆలోచన మోచేతి దగ్గర మడవడం లాంటిది, కొత్తది వేలి కణుపు దగ్గర. గిట్టుబాటు లెక్క మారిందంటే ముఖ్యంగా ఇక్కడే మారిందని నా అభిప్రాయం.

ఇబ్బంది లేదని కాదు. కొస దగ్గర రెక్క బాగా పలచన. ఆ ఇరుకులో కీలు, గొళ్ళేలు, మోటారు పట్టించాలి. పైగా కొసన చేరిన ప్రతి కిలో రెక్క కంపించే తీరును మారుస్తుంది. వేగంగా పోయేటప్పుడు రెక్క జెండాలాగా రెపరెపలాడే ఫ్లట్టర్ అనే ప్రమాదం రాకుండా ఆ బరువును ముందే లెక్కలోకి తీసుకోవాలి.

గాల్లో మడుచుకుంటే?

మడిచే కొసల కోసం ప్రయాణికుల విమానాల నియమాల్లో అసలు నిబంధనే లేదు. అందుకే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2018 మేలో 777-8, 777-9ల కోసం ప్రత్యేక షరతులు రాసింది. వాటి సారం ఇది. కొస పూర్తిగా తెరుచుకుని బిగుసుకోకపోతే పైలట్లకు హెచ్చరిక రావాలి, అంతే కాదు, విమానం టేకాఫ్ చేయకుండా అడ్డుకునే ఏర్పాటు కూడా ఉండాలి. ఎగరకముందే గొళ్ళెం తీయగల విద్యుత్తు, హైడ్రాలిక్ శక్తి అన్నీ ఆ వ్యవస్థ నుంచి వాటంతటవే తెగిపోవాలి. గాల్లో ఉండగా వాటిని తిరిగి కలపడం ఎవరికీ సాధ్యం కాకూడదు. ఏ ఒక్క భాగం విరిగినా గొళ్ళెం ఊడకూడదు. నేల మీద మడిచి ఉన్నప్పుడు ఏ దిక్కు నుంచి 65 నాట్ల (గంటకు సుమారు 120 కిలోమీటర్ల) గాలి కొట్టినా తట్టుకోవాలి.

గొళ్ళెం ఊడటం కంటే మనిషి మరిచిపోవడం ఎక్కువ జరిగే విషయమని నౌకాదళం అనుభవం చెబుతుంది. 1960లో నేపుల్స్‌లో ఒక ఎఫ్-8 క్రూసేడర్ రెక్కలు మడిచి ఉండగానే టేకాఫ్ అయింది. పైలట్ పైకి వెళ్ళాక గమనించి, ఇంధనం వదిలేసి, క్షేమంగా దిగాడు. ఆ తర్వాత కూడా అదే రకం విమానాలతో మరికొన్నిసార్లు ఇలా జరిగింది. శిక్షణ పొందిన పైలట్లే మరిచిపోయారు. అందుకే షరతుల్లో హెచ్చరికతో సరిపెట్టలేదు, టేకాఫ్‌నే అడ్డుకోమన్నారు.

నేల మీద మొరాయిస్తే

నాకు గాల్లో ప్రమాదం కంటే రోజువారీ చికాకే ఎక్కువ ఆలోచించదగ్గదిగా కనిపిస్తుంది. కొస తెరుచుకోకపోతే విమానం ఎగరదు, ప్రయాణం ఆగిపోతుంది. అంత వరకూ సూటిగానే ఉంది. అసలు చిక్కు కొస మడుచుకోకపోతేనే.

దిగేటప్పుడు అది ‘ఎఫ్’ తరగతి విమానం. మడిచాక ‘ఇ’. మడత పడకపోతే ‘ఇ’ కోసం కట్టిన విమానాశ్రయంలో ఒక ‘ఎఫ్’ విమానం ఇరుక్కుపోయినట్టు. వెడల్పున్న దారిలోనే నడిపించాలి, పక్క టాక్సీవే ఖాళీ చేయించాలి, దూరంగా ఎక్కడో నిలిపి ప్రయాణికులను బస్సుల్లో తేవాలి. ఇవన్నీ ముందే రాసి పెట్టుకున్న ప్రణాళికలో ఉండాలి. దారి మళ్ళి దిగాల్సి వచ్చే విమానాశ్రయాల్లో కూడా.

పెద్ద విమానాల్లో కాక్‌పిట్ నుంచి రెక్క కొసను చూసుకుంటూ నడపడం కుదరదు. 2011 ఏప్రిల్‌లో న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయంలో నేల మీద పోతున్న ఎ380 రెక్క కొస ఒక చిన్న జెట్ తోకకు తగిలి దాన్ని గిర్రున తిప్పేసింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. రెక్క కొసకు చోటు లెక్క ఎందుకంత కచ్చితంగా కట్టాలో ఆ వీడియో చూస్తే తెలుస్తుంది. కాబట్టి ఎక్కడ మడవాలి, ఎక్కడ తెరవాలి అన్నది విమానాశ్రయం, పైలట్, టవర్ ముగ్గురికీ ఒకేలా తెలియాలి.

మడత లేకుండా నెగ్గుకొచ్చిన విమానం

మడత అనవసరం అనేవాళ్ళ దగ్గర ఉన్న గట్టి సాక్ష్యం ఎ350-1000. 2018 నుంచి సేవలో ఉంది. 64.75 మీటర్ల బార, వంపు తిరిగిన కొసలు, కీలు లేదు, షరతులు లేవు. నిజంగా మంచి విమానం.

కానీ బరువు కూడా లెక్కలోకి రావాలి. ప్రేరిత డ్రాగ్ బరువు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఎ350-1000 గరిష్ఠ టేకాఫ్ బరువు 320 టన్నులకు అటూ ఇటూ, 777-9ది 351 టన్నులు. 351ని 320తో భాగిస్తే 1.097, వర్గం 1.20. అంటే బార సమానంగా ఉంటే 777-9 ఇరవై శాతం ఎక్కువ ప్రేరిత డ్రాగ్ మోయాలి. బార 64.75 నుంచి 71.75కి పెరగడం వల్ల తగ్గేది 1.228 రెట్లు. ఒకటి ఇంకొకదాన్ని దాదాపు చెల్లగొడుతుంది. బరువైన విమానాన్ని తేలికదాని స్థాయికి తెచ్చేది ఆ ఏడు మీటర్లే. 320 టన్నుల విమానానికి కీలు లేకుండా సర్దుకోవచ్చు, 350 దాటితే సర్దుకోవడం కష్టం అని నాకు ఈ లెక్క చెబుతోంది.

గీత దాటి, మడత లేకుండా, విమానాశ్రయాలే మారాలని అడిగిన విమానం ఎ380. దాని బార 79.75 మీటర్లు. 80 మీటర్ల పెట్టెలో కుక్కడం కోసం అంత బరువుకు కావాల్సినంత రెక్క కూడా దానికి దక్కలేదు. కొన్ని విమానాశ్రయాలు గేట్లు మార్చుకున్నాయి, చాలా వాటికి వీలు కాలేదు. 251 విమానాలతో 2021లో దాని ఉత్పత్తి ముగిసింది. అందుకు కారణాలు చాలా ఉన్నాయి, గేట్ల కొరత వాటిలో ఒకటి.

777-9 కూడా ఇంకా పరీక్ష పూర్తి చేయలేదు. 2020 జనవరి 25న మొదటిసారి ఎగిరింది. 2020లోనే ఎయిర్‌లైన్ల చేతికి రావాల్సింది, 2025 అక్టోబరులో బోయింగ్ చేసిన ప్రకటనతో 2027కి జరిగింది. ఇంజిను సమస్య, 2024లో ఇంజినును రెక్కకు పట్టి ఉంచే భాగాల్లో కనిపించిన పగుళ్ళు, సర్టిఫికేషన్ ఆలస్యం కారణాలుగా బయటికి వచ్చాయి. మడత కీలు ఆ పెద్ద కారణాల్లో లేదు.

చిన్న విమానాల వైపు, గాల్లో విడిచే కీలు వైపు

ఇక మీదట మడత పెద్ద విమానాల కంటే చిన్నవాటికే ఎక్కువ అవసరం కావచ్చు. ఎ320, 737 లాంటివి 36 మీటర్ల ‘సి’ గీత దగ్గర ఆగిపోయాయి. ఎ320 బార 35.8. ప్రపంచంలో ఎక్కువ గేట్లు ఈ కొలతకే ఉన్నాయి. వాటి తర్వాతి తరానికి పొడవైన సన్నని రెక్క పెట్టాలంటే మడత తప్పదేమో. ఎయిర్‌బస్ తన ‘వింగ్ ఆఫ్ టుమారో’ పరిశోధనలో మడిచే కొసలను పరిశీలిస్తోంది.

అదే సంస్థ ఆల్బట్రాస్‌వన్ అనే చిన్న నమూనా విమానంతో ఇంకో ఆలోచనను పరీక్షించింది. ఆల్బట్రాస్ పక్షి గంటల తరబడి తేలిపోయేటప్పుడు భుజాన్ని బిగించి ఉంచుతుంది, గాలి ఎదురుతిరిగితే వదులు చేస్తుంది. నమూనా రెక్క కొస కూడా అంతే, గాలి కుదుపు తగిలినప్పుడు స్వేచ్ఛగా పైకీ కిందికీ ఊగుతుంది. కుదుపు భారం లోపలి రెక్కకు చేరదు, కాబట్టి ఆ రెక్కను తేలిగ్గా కట్టొచ్చు. గాల్లో కొసలు కదపడం మునుపు లేనిది కాదు. 1964లో ఎగిరిన ఎక్స్‌బీ-70 బాంబర్ ధ్వని కంటే వేగంగా పోయేటప్పుడు కొసలను 65 డిగ్రీల దాకా కిందికి వంచేది. అయితే అది సైనిక ప్రయోగం. ఎఫ్‌ఏఏ 2018లో రాసిన షరతులు గాల్లో ఎన్నటికీ విడవకూడని గొళ్ళెం కోసం. ఆల్బట్రాస్ తరహా కొసను ప్రయాణికుల విమానానికి పెట్టాలంటే ఏ కుదుపుకు విడవాలి, విడిచాక తిరిగి ఎప్పుడు బిగుసుకోవాలి, ఒక వైపుది విడిచి ఇంకో వైపుది విడవకపోతే ఏం చేయాలి అన్న నిబంధనలన్నీ మొదటి నుంచి రాసుకోవాలి.